బిట్రగుంటలో పావలా కూలి

అవ్వ పులిబొంగరాల పెనం కింద
బొగ్గులు ఎగదోసుకుంటా ఉంటే
షెడ్డు కంచెకి కుక్కలు చేసిన కంతలోంచి
నేను లోపలికి దూరాను.
అప్పటికి నాకు ఐదేళ్లు. లేదా ఆరు.
చెప్పుల్లేవు. కాళ్ల కింద కాలిన బొగ్గు చిట్టెం సుర్రుమంటోంది.

లోపల ఇంజన్లు,
కుడితి తొట్టి దగ్గర ఎనుముల్లాగా
వరసగా నిలబడి నీళ్లు తాగుతున్నాయి.
ఒకటి ఉన్నట్టుండి బుస్సుమంది.
నా గౌను తడిసింది.
ఆవిరికి తడిసిందనే చాలా ఏళ్లు చెప్పుకున్నాను.

అదుగో, ఆ పక్కన పెద్ద గుండ్రటి గుంట.
గుంట మీద ఇనుప వంతెన,
వంతెన మీద మద్రాసు వైపు మొహం పెట్టిన ఇంజను.
దాన్ని బెజవాడ వైపు తిప్పాలంట.
తిప్పేది నలుగురు మనుషులంట!
పెంచలయ్య, ఖాదర్‌వలి, దేవదానం,
ఇంకొకాయన. ఆయన పేరు పోయింది,
చెవిసందున ఆర్పి పెట్టుకున్న బీడీ మాత్రం మిగిలింది.

పొడుగాటి దూలాలకి భుజాలిచ్చి తోశారు.
కదల్లేదు.
పట్టు మార్చుకుని మళ్లీ తోశారు.
మెడల మీద నరాలు మోకుల్లాగా లేచాయి.
ఇంజను మటుకు
అలిగిన మేనత్తలా కూర్చునే ఉంది.

వట్టిచేపల కోటమ్మ తక్కెడ
రోజూ చూసేదాన్ని గదా,
నా నోరు ఊరుకోలేదు:
"ముల్లు ఒక పక్కకి వంగుండాది. బరువు సరిగ్గా పెట్టలా."

నలుగురూ ఒక్కసారే తిరిగి చూశారు.
బీడీ ఆయన పడీ పడీ నవ్వాడు.
దేవదానం నవ్వలేదు.
వంతెన చివర గొంతుక్కూర్చుని, చక్రం కిందికి తొంగిచూసి
పైకి కేకేశాడు:
"కార్నీలియస్ సారూ, ఇంకో జానెడు ఎనక్కి!"

పైనుంచి ఒక ఎర్రటి మొహం కనిపించి మాయమైంది.
ఇంజను జానెడు జరిగింది,
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు.

"ఎవురి పిల్లవమ్మే నువ్వు?"
"పులిబొంగరాలోళ్లం."
"అయితే రా. నువ్వూ ఒక చెయ్యెయ్యి."

దూలం నా నెత్తికి పైన ఉంది.
చేతులు చాపి, సగం తోస్తా సగం వేలాడతా పట్టుకున్నాను.
నా పిడికిళ్లకి అటొకటి ఇటొకటి పెంచలయ్య పిడికిళ్లు,
కిరసనాయిలు వాసన,
ఒక వేలికి గోరు లేదు.

తోశాం.

మొదట గుంట అంచున గడ్డిపోచ కదిలిందనుకున్నా.
తర్వాత నీళ్ల ట్యాంకు కదిలింది.
బొగ్గు కుప్ప, దాని మీద కాకి,
క్వార్టర్ల ముందు ఆరేసిన దుప్పట్లు,
రన్నింగ్ రూం కిటికీలో గడ్డం గీసుకుంటున్న మనిషి,
అందరూ నా పక్కనుంచి వెళ్లిపోతున్నారు
నేను తిప్పుతుంటే.

ఠక్కుమని కొక్కెం పడింది.
ఇంజను బెజవాడని చూస్తా ఉంది.

ఖాదర్‌వలి బొడ్లో సంచి విప్పి
పావలా తీసి నా చేతిలో పెట్టి
"ఇదుగో కూలి" అన్నాడు.
వేలిముద్ర యాడెయ్యాలని అడిగాను,
అవ్వ డబ్బులు తీసుకునేటప్పుడల్లా వేస్తుంది మరి.
దేవదానం నా మసి బొటనవేలు పట్టుకుని
ఇంజను బఫరు మీద గట్టిగా అద్దాడు.
అది ఆ రాత్రే కృష్ణ దాటిపోయి ఉంటుంది.

అవ్వ వచ్చింది. అట్లకాడతోనే వచ్చింది.
వీపు మీద రెండు పడ్డాయి.
మూడోది గాల్లోనే ఆగిపోయింది,
నా గుప్పిట్లో పావలా చూసి.
"ఎవురిచ్చారే?"
"సంపాదించా."
ఇంకేం మాట్లాడలేదు. కొంగున ముడేసుకుంది.
ఆ ముడి మళ్లీ నా కళ్ల ముందు విప్పలేదు,
అడిగితే అట్లకాడ వైపు చూసేది.

మూడో తరగతిలో అయ్యవారు
గ్లోబుని ఒక్క వేలితో గిర్రున తిప్పి
భూమి ఎట్లా తిరుగుతుందో చెప్పండ్రా అన్నారు.
లేచి చెప్పాను:
"ముందు బరువు సరిగ్గా నిలబెట్టాల సార్.
తర్వాత నలుగురుండాల."
క్లాసంతా గొల్లుమంది.
అయ్యవారు నన్ను బెంచీ ఎక్కించారు.

ఎక్కితే కిటికీలోంచి షెడ్డు కనిపించింది.
రేకుల వెనక ఒక పొగ
ఈ పక్కనుంచి ఆ పక్కకి
మెల్లగా నడిచిపోతోంది.
దేన్నో తిప్పుతున్నారు.